తర్బా పటకారు

తర్బాకి కోపం వచ్చిందంటే ముందు టీ చెడిపోతుంది. ఎడారి అంచు రేవు పట్నం నువాక్షూత్‌లో ఆమెని ఎరిగినవాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. నురగ నిలవదు, గ్లాసులు పళ్ళెంలో ఠంగుమంటాయి. ఆ రోజు మొదటి గ్లాసు చేదుగా వచ్చింది, రెండోది విషంలా వచ్చింది, మూడోది పొయ్యకుండానే కెటిలు తీసి ఇసకలో బోర్లించింది.

"తాగేవాళ్ళం ఇంకా ఇక్కడే ఉన్నాం అక్కా," అన్నాడు తమ్ముడు హమ్మాదీ.

"నీకెందుకురా టీ? కొత్త పెళ్ళాం వచ్చిందిగా. దాన్ని తుడుచుకుంటూ కూర్చో."

కొత్త పెళ్ళాం అంటే గిటారు. అమెరికాలో చేసినది. పండిన ఖర్జూరం రంగు, ముఖం చూసుకునేంత నునుపు. అది పడుకోవడానికి ఒక పెట్టె, పెట్టెలో మఖమల్ పరుపు. తర్బా మనవలు ఆ ఇంట్లో చాప మీద పడుకుంటారు. యాభై దాటిన మగవాడు, గెడ్డం నెరిసినవాడు, దాన్ని ఒళ్ళో పెట్టుకుని చంటిపిల్లని తుడిచినట్టు గుడ్డతో తుడుస్తుంటే ఆమెకి అరికాలి నుంచి మండుకొచ్చింది.

దాన్ని ఇచ్చింది దహ్మాన్. దేదా వంశం వాడు. ఆ వంశం వాళ్ళు ఒకప్పుడు ఎడారిలో కత్తులు పట్టినవాళ్ళు, తర్బా పుట్టింటివాళ్ళు తరతరాలుగా ఆ కత్తుల్ని పాడినవాళ్ళు. ఇప్పుడు దేదా వాళ్ళు చేపలమ్ముతారు. రేవులో మంచు గిడ్డంగులున్నాయి, ఇంట్లో పాలరాయి ఉంది. చేపలమ్మితేనేం, వాళ్ళింట్లో పెళ్ళయినా పురుడైనా తర్బా గొంతు లేకుండా జరగదు. తాతల పేర్లన్నీ వరసగా ఆమె నోట్లో ఉన్నాయి. కాగితం మీద ఎక్కడా లేవు.

దహ్మాన్‌కి మొన్ననే తొలి కొడుకు పుట్టాడు. ఏడో రోజు పేరు పెట్టే పండగ. పిలుపుకని అతనే స్వయంగా కారేసుకుని వచ్చాడు, ఆ పెట్టె పట్టుకుని.

"తర్బా పెద్దమ్మా, ఊళ్ళో పెద్దవాళ్ళంతా వస్తున్నారు. ఫోనుల్లో పడుతుంది, పారిస్‌లో మావాళ్ళు చూస్తారు. ఆ చెక్క పట్టుకుని మాత్రం రావద్దు."

"ఏ చెక్క?"

"అదే, హమ్మాదీ వాయించేది. సైకిలు చువ్వలు బిగించింది."

"నీకు పేరు పెట్టిన రోజు మీ అమ్మని ఏడిపించింది ఆ చెక్కే బాబూ."

"అందుకే కదా పారెయ్యమనడం లేదు. నాకిచ్చెయ్యండి, మా హాల్లో గోడకి పెట్టుకుంటా, మర్యాదగా. దానికి బదులు ఇది తీసుకోండి. దేశం మొత్తంలో ఇలాంటిది ఇంకోటి లేదు."

తర్బా నోరు తెరిచేలోపు అతనే అందుకున్నాడు. "మీరే కదా పెద్దమ్మా నా పెళ్ళిలో మైకులో అన్నారు? మా హమ్మాదీ చేతికి ఒంటె డొక్క ఇచ్చినా పలికిస్తాడు, అని. మరి దీన్ని పలికించడా?"

అన్నమాట నిజమే. ఆ పెళ్ళిలో కుర్రకారు హమ్మాదీ గిటారుని చూసి, ఇది వాయించేదా, గొర్రెని కాల్చేదా అని నవ్వితే, ఆమె పాట ఆపి మైకులో అంది. జనం చప్పట్లు కొట్టారు. ఆ మాటే ఇప్పుడు చుట్టూ తిరిగొచ్చి ఆమె కాలికే చుట్టుకుంది. పైగా దేదా ఇల్లు ఇచ్చినదాన్ని పాటవాళ్ళు వద్దనకూడదు. వద్దంటే ఆ ఇంటికి ఇచ్చే చెయ్యి లేదని నలుగురిలో చాటినట్టు.

సరే, అదీ పోనీ. ఆమె ఇటు తిరిగి చూసేసరికి హమ్మాదీ అప్పటికే పెట్టె తెరిచి ఉన్నాడు. పాతదాన్ని తన చేతులతోనే కారులో పెట్టి వచ్చాడు. ఆమె కోపం దహ్మాన్ మీద వీసమే, మిగిలిందంతా తమ్ముడి మీద.

హమ్మాదీని ఆమే పెంచింది. నేమా అనే ఊరి అవతల, తూర్పు ఎడారిలో, తండ్రి డేరాలో పుట్టారు ఇద్దరూ. కరువొచ్చిన ఏడాది ఆవులు ఒక్కొక్కటే మోకాళ్ళ మీద కూలబడ్డాయి. లారీ ఎక్కి ఈ ఊరొచ్చారు. వచ్చిన ఏడాదే తల్లి పోయింది. పిల్లవాణ్ణి చంకనేసుకుని, రెండో చేత్తో తల్లి ఇచ్చిపోయిన అర్దీన్ పట్టుకుని, తర్బా ఆడవాళ్ళ కొలువుల్లో పాడింది. అర్దీన్ అంటే సొరకాయ బుర్రకి తీగలు కట్టిన వాద్యం. అది ఆడవాళ్ళది, మగవాడు ముట్టడు. తండ్రిది తిదినీత్. పొట్టి మెడ, తోలు కప్పిన పొట్ట, ఒక్క మెట్టు కూడా ఉండదు. వేలు ఎక్కడ ఆనితే స్వరం అక్కడ. హమ్మాదీ మొదట దాని మీదే చెయ్యి తిప్పాడు.

తర్వాత ఊళ్ళోకి గిటారులు దిగాయి. డాకర్ నుంచి వచ్చిన ఒక లారీ డ్రైవరు దగ్గర హమ్మాదీ ఒకటి సంపాదించాడు. తండ్రి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మెడ పొడుగునా వీణకున్నట్టు మెట్లు. "ఈ మెట్లు ఎవడు పెట్టాడు?" అన్నాడు. "మన గొంతుని అడిగే పెట్టాడా?" అని దాన్ని తిరిగి కొడుకు ఒళ్ళో పడేశాడు.

ముసలాయన అడిగిందే అసలు సంగతి. ఆ ఎడారి పాటలో కొన్ని స్వరాలు ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ నడుమ కూర్చుంటాయి. ఫ్యాక్టరీవాడికి అక్కడ చోటుందని తెలియదు. వాడి పాటకి అక్కర్లేదు. అందుకని హమ్మాదీ రంపంతో మెడని కోసి, పాత మెట్ల నడుమ కొత్త మెట్లు తనే దిగేశాడు, సైకిలు చువ్వలు నరికి. ఆ సైకిలు తర్బా రెండో మొగుడిది. పాపం ఆయన దాని కోసం ఊరంతా వెతికాడు. తర్వాత ఆ మొగుడూ పోయాడు, చచ్చి కాదు, విడాకులై. విడాకులైతే అక్కడి ఆడవాళ్ళు పండగ చేసుకుంటారు. ఆమె విడాకుల పండగకి హమ్మాదీ ఆ చువ్వల మీదే వాయించాడు. ఆడవాళ్ళు తెల్లారేదాకా ఆడారు. చూడటానికి దరిద్రంగా ఉండేది నిజమే. చెవిటివాళ్ళకే కదా చూపుతో పని!

ఇప్పుడు ఆ చెక్క దహ్మాన్ గోడ మీద ఉంది.

"రంపం తీసుకో. పండగలోపు దీనికీ మెట్లు దింపు," అంది తర్బా బోర్లించిన కెటిలు పక్కన కూర్చుని.

"దీనికా?" హమ్మాదీ గిటారుని గుండెకి అదుముకున్నాడు. "దీని మీద గీత పడితే ఖరీదు సగానికి పడిపోతుందట. రంపం పెట్టనని దహ్మాన్‌కి మాటిచ్చాను."

"ఇచ్చావా! నా గొంతు ఏం కావాలో కూడా వాణ్ణే అడిగావా?"

"తీగని వంచి తెస్తానక్కా ఆ స్వరం. అంతా చేతిలో ఉంటుంది, గిటారుదేముంది అని నువ్వే అంటావుగా ఎప్పుడూ."

"ఒకసారి వంచి తెస్తావు. పరుగులో తెస్తావట్రా? ప్రతి స్వరాన్నీ చెవి పట్టుకుని లాక్కొస్తావా బడి ఎగ్గొట్టిన పిల్లాణ్ణి లాక్కొచ్చినట్టు?"

అతను తుడిచిన చోటే మళ్ళీ తుడిచాడు. అతని కళ్ళు చూసి ఆమెకి ఒక సంగతి అర్థమైంది, అది అర్థమయ్యాక కోపం ఇంకా పెరిగింది. వాడు దాన్ని వాయించాలనుకోవడం లేదు. దాన్ని పట్టుకుని నలుగురిలో కనపడాలనుకుంటున్నాడు. ఇన్నేళ్ళూ నవ్వినవాళ్ళందరికీ కనపడాలి. ఆ ముచ్చట తనకి ఎప్పుడూ చెప్పలేదు, దాచుకున్నాడు.

ఏడో రోజు వచ్చింది. తర్బా నీలం మలహఫా చుట్టుకుని, అర్దీన్‌కి కొత్త తీగలు కట్టి, తోలు సంచీలో నీళ్ళసీసా, తమలపాకంత అద్దం, వాటి అడుగున ఇంట్లో మేకులు పీకే పటకారు పెట్టుకుంది. డప్పు వాయించే పినతల్లి కూతురు జెయ్నబు చూసి, "పాటకి పటకారెందుకే? ఎవరి పన్ను పీకుతావ్?" అంది.

"ఎవరిది పుచ్చిపోతే వాళ్ళది," అంది తర్బా.

దహ్మాన్ ఇంటి ఆవరణలో తెల్ల డేరా వేశారు. మధ్యాహ్నం ఎండ బట్టలోంచి పాలలా దిగుతోంది. గొర్రెలు కాలుతున్నాయి, ఖర్జూరాలూ వెన్నా తిరుగుతున్నాయి. లోపలికి వెళ్ళేదారిలో హాలు తలుపు తెరిచి ఉంది. హమ్మాదీ అక్కడ ఆగిపోయాడు. తర్బా అతని భుజం మీంచి చూసింది.

గోడ మీద గాజు పెట్టెలో పాత గిటారు. దాని మీద ఒక చిన్న దీపం. జారిపోకుండా పొట్టలోంచి రెండు పెద్ద మేకులు దిగేశారు. తీగలు తీసేశారు.

"చూడు, బాగా చూడు," అంది తర్బా. "వేటాడిన జింక తల పెట్టినట్టు పెట్టాడు. మర్యాదగా!"

హమ్మాదీ కొత్త గిటారు పెట్టెని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుని నడిచాడు.

గిటారుకి స్పీకరు వైరు తగిలించాక పాట మొదలైంది. ఆ పాటకి వరస ఉంది. ముందు కర్ అనే దారి, మన రాగం లాంటిది, దేవుడి పేరుతో. తర్వాత ఫాగూ, పౌరుషానిదీ వంశానిదీ. ఒక దారి దాటాక వెనక్కి నడవకూడదు, ఒకటి సగంలో వదిలి ఇంకోటి ఎత్తుకోకూడదు. కర్ ఎలాగో గడిచింది. హమ్మాదీ చెయ్యి మామూలు చెయ్యి కాదు. తీగని లాగీ, వంచీ, స్వరాన్ని దాని చోటుకి తోశాడు. కుర్రాళ్ళు ఈలలు వేశారు. వాళ్ళ ఫోనులన్నీ గిటారు వైపే తిరిగి ఉన్నాయి. పాడేమనిషి అక్కడుందన్న సంగతి ఒక్క ఫోనుకీ పట్టలేదు.

ఫాగూ ఎత్తుకుంది తర్బా. గొంతు దిగవలసిన చోటుకి దిగింది. గిటారు దానికి కాస్త పైన, మెట్టు మీద నిలబడి ఉంది. రెండోసారి దిగింది. హమ్మాదీ తీగని గుంజాడు, వేలు తెగింది, స్వరం ఆలస్యంగా వచ్చి చేరింది. దహ్మాన్ వెండిజరీ దరాఆ అంగీ భుజాల మీదికి ఎగదోసుకుని, "వాహ్! వాహ్!" అని చప్పట్లు కొట్టాడు. తప్పుకి చప్పట్లు! తర్బా పళ్ళు కొరికి మూడోసారి దిగింది.

ఈసారి గిటారు గొంతు కోసం రాలేదు. గొంతే గిటారు కోసం వెళ్ళింది. తల్లి దగ్గర నేర్చి, కరువులో మోసుకొచ్చి, ముగ్గురు మొగుళ్ళని వదిలినా వదలని స్వరం, వెంట్రుకవాసి పైకి జరిగి ఆ ఫ్యాక్టరీ మెట్టెక్కి కూర్చుంది. డేరాలో ఎవరికీ తెలియలేదు. ఆమెకి తెలిసింది. ఇంకో నాలుగు కొలువులు ఇలా పాడితే ఆ చోటు ఎక్కడుందో తన గొంతుకీ గుర్తుండదు. తను పోయాక చెప్పేవాళ్ళూ ఉండరు.

ఆమె పాట ఆపేసింది.

డప్పు ఇంకో రెండు దెబ్బలు వేసి ఆగింది. డేరా మొత్తం ఇటు తిరిగింది.

"ఏమైంది పెద్దమ్మా? మైకు పాడైందా?" అన్నాడు దహ్మాన్.

"మైకు బాగానే ఉంది. గిటారే బాగాలేదు."

ఎవరో కిసుక్కుమన్నారు. దహ్మాన్ ముఖం ఎర్రబడింది. "అది బాగాలేదా? దాని ఖరీదెంతో తెలుసా మీకు?"

"ఆ ఖరీదుని పాడమను బాబూ, కూర్చుని వింటాను."

"మీరే కదా అన్నారు ఒంటె డొక్క ఇచ్చినా పలికిస్తాడని! ఊరంతా విన్నారు!"

"అన్నాను. ఇప్పుడూ అంటాను. ఒంటె డొక్క ఇచ్చి చూడు, పలికిస్తాడు. డొక్కకి మెట్లుండవు."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు ఒక్కసారిగా లేచింది. తర్బా నవ్వలేదు. సంచీలో చెయ్యి పెట్టి పటకారు తీసి, తెరిచి ఉన్న పెట్టెలో, మఖమల్ పరుపు మీద పెట్టింది. తమ్ముడి వైపు చూడలేదు. "నేను చెప్పను," అంది నేల చూస్తూ. "చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. నువ్వు నాన్న కొడుకువో, ఆ పరుపు కొడుకువో నువ్వే చూసుకో."

హమ్మాదీ పటకారుని చూశాడు. ఖర్జూరం రంగు గిటారులో తన ముఖం చూశాడు. హాలు తలుపు అక్కణ్ణించి కనపడుతోంది, గాజు పెట్టె మీది దీపం కనపడుతోంది. జెయ్నబు డప్పు మీద వేళ్ళు కదపడం మానేసింది.

అతను తీగలు వదులు చేశాడు, పక్కకి తోశాడు. మొదటి మెట్టు కింద పటకారు దూర్చాడు. స్పీకరు కట్టేయడం మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో, మెట్టు ఊడిన చప్పుడు డేరా అంతటా పన్ను పీకినట్టు మోగింది.

"ఒరేయ్! ఆపండి! వీడికి పిచ్చెక్కిందా?" దహ్మాన్ లేచాడు. "మాటిచ్చావు హమ్మాదీ నాకు!"

"రంపం పెట్టనని ఇచ్చాను," అన్నాడు హమ్మాదీ తల ఎత్తకుండా. "పెట్టడం లేదుగా."

రెండోది ఊడింది. మూడోది ఊడుతూ మెడ మీది నల్లచెక్కని చిన్న ముక్క లేపుకొచ్చింది. దహ్మాన్ అటు దూకబోయాడు. అతని తల్లి ఉమ్మెల్‌ఖైరీ, ఆడవాళ్ళ నడుమ దిళ్ళకి ఆనుకుని కూర్చున్న భారీ మనిషి, చెయ్యెత్తింది.

"కూర్చోరా," అంది. "ఫాగూ సగంలో ఆగింది. నా మనవడి పేరు సగం పాటలో పెడతావా?"

"అమ్మా, అది ఎంత పెట్టి తెప్పించానో నీకు..."

"కూర్చోమన్నాను."

దహ్మాన్ కూర్చోలేదు. దరాఆ అంచు కాళ్ళకి చుట్టుకుంటుంటే విసురుగా ఎగదోసుకుని డేరా దాటి బయటికి పోయాడు. కారు తలుపు ధన్‌మని పడిన చప్పుడు అందరికీ వినపడింది. తర్వాత ఇంజను, చల్లగాలి మిషను.

మెట్లన్నీ ఊడేసరికి హమ్మాదీ వేళ్ళు రెండు నెత్తురోడుతున్నాయి. ఖర్జూరం రంగు మీద పటకారు గీతలు, మెడ నిండా పీకిన పళ్ళ సందుల్లా కోతలు. తీగలు బిగించాడు. మొదటి స్వరం జిర్రుమని చెక్కకి రాసుకుంది. రెండోది ఎటో జారిపోయింది. ఒక కుర్రాడు నవ్వాడు. మూడో స్వరం దగ్గర హమ్మాదీ కళ్ళు మూసుకున్నాడు. చిన్నప్పుడు తండ్రి తిదినీత్ మీద కదిలినట్టు వేలు బోసి చెక్క మీద కదిలింది, జారింది, ఆగింది. ఆగినచోట స్వరం ఉంది.

తర్బా అతనికి ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వలేదు. కోపంగానే ఎత్తుకుంది. గొంతు దిగవలసిన చోటుకి దిగింది, అక్కడ గిటారు ముందే వచ్చి కూర్చుని ఉంది. ఉమ్మెల్‌ఖైరీ నోటి మీద కొంగు పెట్టుకుని గొంతెత్తి, నాలుక ఆడిస్తూ సంబరంగా ఉలులు కొట్టింది. డేరాలో ఆడవాళ్ళంతా అందుకున్నారు. నవ్విన కుర్రాడి చేతిలో ఫోను పక్కకి వాలిపోయింది.

ఆ వేడిలోనే ఆమె వంశం ఎత్తుకుంది. దేదా. దేదా కొడుకు, వాడి గుర్రం. వాడి కొడుకు, ఎండిపోని వాడి బావి. ఒక్కొక్క పేరుకీ ఒక్కొక్క అరుపు. వరస దిగుతూ దిగుతూ దహ్మాన్ తండ్రి దగ్గరికి వచ్చింది, చనిపోయిన బెక్కార్ దగ్గరికి. మనవడికీ తాత పేరే పెడుతున్నారు, బెక్కార్ అనే. తాతకీ మనవడికీ నడుమ ఒక పేరు రావాలి. డేరాలో అందరూ ఆ పేరు కోసం నోళ్ళు తెరుచుకుని ఉన్నారు.

"బెక్కార్," అని పాడింది తర్బా. గిటారు ఆ ఒక్క స్వరాన్నే పట్టుకుని నిలబడింది. "బెక్కార్," అని చంటివాణ్ణి చూపిస్తూ పాడి, ముగించింది.

గొర్రెలు కాల్చేవాళ్ళు కూడా తలలు తిప్పారు.

"ఒసే తర్బా," అంది ఉమ్మెల్‌ఖైరీ, ఉలులు మధ్యలోనే మింగి. "నా కొడుకు పేరేదే?"

"నీ కొడుకెక్కడ దొరసానీ? పాట విన్నవాడి పేరు పాడతాను. కారులో కూర్చున్నవాడి పేరు కారుని పాడమను."

ఉమ్మెల్‌ఖైరీ ఆమెని ఎర్రగా చూసింది. కాదనలేదు. తర్బా అర్దీన్ చుట్టబెట్టుకుంది. పటకారు దులిపి సంచీలో వేసుకుంది. ఊడిన మెట్లన్నీ ఏరి ఒక గుప్పెడు మఖమల్ పరుపు మీద పోసి, ఆ పెట్టె అక్కడే వదిలేసి లేచింది.

ఇంటికొచ్చేదారిలో డొక్కు బెంజి కారులో వెనక సీటు మీద హమ్మాదీ బోసి గిటారు ఒళ్ళో పెట్టుకుని వేలికి గుడ్డ కట్టుకుంటున్నాడు.

"ఇంకా కోపంగానే ఉన్నావా?"

"ఉన్నాను. కర్ అంతా తప్పుగా వాయించావు. దేవుడి పేరు అది. దానికి నిన్నేం చెయ్యాలో ఆలోచిస్తున్నాను."

"అక్కా, దీనికి చువ్వలు దింపితే ఎలా ఉంటుంది?"

"ఎవడి సైకిలువిరా? ఇప్పుడు నాకు మొగుడు కూడా లేడు."

జెయ్నబు ముందు సీట్లో పడీపడీ నవ్వింది. తర్బా నవ్వలేదు. ఇంటికెళ్ళి టీ పెట్టింది. చేదుగానే వచ్చింది. హమ్మాదీ మూడు గ్లాసులూ చుక్క మిగల్చకుండా తాగాడు.

మర్నాడు పొద్దున్నే దహ్మాన్ డ్రైవరు గుమ్మంలోకి వచ్చి, చెప్పులు విప్పకుండానే నిలబడ్డాడు. "పెద్దమ్మా, మా అయ్యగారు గిటారు తిరిగి ఇచ్చేయమన్నారు."

"ఇస్తానని చెప్పు," అంది తర్బా బొగ్గులు విసురుతూ. "ముందు మా చెక్క తెచ్చిమ్మను. దాని పొట్టలో దిగేసిన మేకులు పీకి మరీ తెమ్మను." సంచీలోంచి తీసి వాడి చేతిలో పెట్టింది. "ఇదిగో పటకారు. పీకడం రాకపోతే మా హమ్మాదీ వచ్చి నేర్పుతాడని చెప్పు."